తిని చూసి పంపిన బల్లలు

మంగళవారం పొద్దున జక్రాన్‌పల్లిలో మా వాకిట్లో ముగ్గు వేస్తుంటే ఆర్మూర్ నుంచి అన్న ఫోన్ చేశాడు. "చెల్లె, మీ వదినె పోయింది" అన్నాడు. ఎప్పుడు ఫోన్ చేసినా అన్న గొంతు వెనక రంపం మిషన్ చప్పుడు ఉండేది. మా పుట్టింటి గోడకు ఆనుకునే కట్టెకోత మిల్లు ఉంది మరి. ఆ రోజు ఆ చప్పుడు లేదు. నేను బస్సు దిగి వెళ్ళేసరికి మిల్లు తలుపులు వేసి ఉన్నాయి. మిల్లు యజమాని, పనివాళ్ళు మా గడప ముందు చెప్పులు విడిచి నిలబడి ఉన్నారు. వాడలో ఎవరు పోయినా వాళ్ళు శవం లేచేదాకా మిషన్ ఆపుతారు. మా వదినె కోసం మూడు రోజులు ఆపారు.

నాలుగో రోజు పత్రికలో, జిల్లా పేజీ అడుగున చిన్న వార్త వచ్చింది. "వడ్రంగి భార్య మృతి" అని శీర్షిక పెట్టారు. రాసినవాళ్ళను తప్పు పట్టను, వాళ్ళకు చెప్పినవాళ్ళు అట్లాగే చెప్పి ఉంటారు. మా అన్న వడ్రంగే. అయితే నలభై ఏళ్ళుగా ఆ ఇంట్లో రంపంతో కోసిందీ, రందాతో కట్టెను చిత్రిక పట్టిందీ మా వదినె. అన్న ఆ కాగితాన్ని మడిచి నా చేతిలో పెట్టాడు. "నువ్వు పిల్లలకు రాసుడు నేర్పినదానివి. గిది సక్కగ రాయి" అన్నాడు. నేను ప్రైమరీ స్కూల్లో టీచర్‌గా చేసి నిరుడే రిటైరయ్యాను. అన్న చెప్పాడని మొదలుపెట్టాను గానీ, ఇది ఆమెకు నేను ఎన్నడో చెప్పాల్సిన మాట కూడా. అది కూడా ఇందులోనే చెబుతాను.

మా వదినె తలుపులు, దర్వాజలు, మంచాలు ఎన్నో చేసింది. కానీ ఆర్మూర్ చుట్టుపక్కల ఆమెను ఒక్క వస్తువుతోనే గుర్తుపడతారు. అది భోజనాల బల్ల. నలభై ఏళ్ళు ఒకే రకం బల్ల చేసింది. ఆ బల్ల మా ఇంటికి ఆమె కంటే ముందే వచ్చింది.

నేను పుట్టకముందు, గోదావరి మీద డ్యామ్ కడుతున్న రోజుల్లో, మా బాపు ప్రాజెక్టు క్యాంపులో కిటికీలు, తలుపులు చేసేవాడు. అక్కడి ఇంజనీర్ ఒకాయన విదేశీ పత్రికలో ఒక బొమ్మ చూపించి అచ్చం అట్లాంటి బల్ల కావాలన్నాడట. బొమ్మ కింద కొలతలు లేవు. ఉన్నా బాపుకు చదవడం రాదు. ఆ బొమ్మలో ఒక మనిషి బల్ల మీద మోచేయి ఆనించి కూర్చున్నాడు. బాపు ఇంజనీర్‌ను కుర్చీలో అట్లాగే కూర్చోబెట్టాడు. ఆయన మోచేతి నుంచి మణికట్టు దాకా ఒక పుల్లతో కొలిచి, బల్ల ఎత్తు, పొడవు, వెడల్పు అన్నీ ఆ పుల్ల లెక్కనే తేల్చాడు.

చూడటానికి చాలా సాదా బల్ల. పల్చటి టేకు పలక. పొడుగు వైపులు తిన్నగా ఉండవు, మధ్యలో పడవలాగా కొద్దిగా బయటికి ఉబ్బి ఉంటాయి. నాలుగు గుండ్రటి కాళ్ళు పైన లావుగా మొదలై కిందికి సన్నబడుతూ, కొంచెం బయటికి వాలి ఉంటాయి. ఎక్కడా చెక్కుడు పని లేదు. నట్లు విప్పితే కాళ్ళు ఊడి చేతికి వస్తాయి. మొదట చేసిన బల్లకు ఒక కాలు చీలింది. ఇంజనీర్‌కు ఇంకొకటి చేసి ఇచ్చి, చీలినదాన్ని బాపు ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ కాలు తీసేసి నల్లమద్ది కాలు బిగించాడు. మూడు కాళ్ళు తేనె రంగువి, ఒకటి నల్లది.

ఆ బల్ల మీద మా ఇంట్లో ఎవరూ తినలేదు. మగవాళ్ళు పీటల మీద కూర్చుని ముందు తినేవాళ్ళు. ఆడవాళ్ళం వాళ్ళ తర్వాత వంటింట్లో తినేవాళ్ళం. నాగళ్ళు బాగుచేసినందుకు రైతులిచ్చిన పసుపు, మక్కల బస్తాలు ఆ బల్ల మీద ఉండేవి.

వదినె పెళ్ళయి వచ్చినప్పుడు నాకు పదకొండేళ్ళు. ఆమెది ధర్పల్లి. తండ్రి చిన్నప్పుడే పోతే మేనమామ ఇంట్లో బీడీలు చుట్టుకుంటూ పెరిగింది. వచ్చిన కొత్తల్లోనే ఒకరోజు ముందర గది ఊడుస్తూ చీపురు పక్కన పెట్టి, బల్ల కిందికి దూరి, వెల్లకిలా పడుకుంది. ఏమన్నా పడిపోయిందా అని అడిగాను.

"ఏం పడలే పిల్లా. గిన్ని బస్తాల బరువేస్తే గింత సన్నటి కాళ్ళు ఎట్ల ఆపుతున్నయో సూస్తున్న" అంది.

సాయంత్రం తలుపు చాటున నిలబడి, నా చేత బాపును అడిగించింది, కాళ్ళు ఎందుకు వాలి ఉన్నాయని. బాపు వాకిట్లోకి వచ్చి రెండు కాళ్ళూ దగ్గర పెట్టి నిలబడ్డాడు. తనను నెట్టమని నాకు చెప్పాడు. నెడితే తూలాడు. తర్వాత కాళ్ళు ఎడంగా పెట్టి మళ్ళీ నెట్టమన్నాడు. ఎంత నెట్టినా కదల్లేదు. తలుపు వైపు తిరిగి, "గంతే బిడ్డా" అన్నాడు. తలుపు వెనక వదినె నవ్వడం నాకు వినిపించింది. మా ఇంట్లో ఆమె నవ్వు వినడం అదే మొదటిసారి.

పెళ్ళయిన మూడేళ్ళకు అన్న దుబాయ్ పోయాడు. కొత్త బిల్డింగుల దగ్గర సెంట్రింగ్ పని. ఐదారేళ్ళు బాగానే గడిచింది. ఒకరోజు కర్రల మీద నుంచి కింద పడ్డాడు. కుడి భుజం నలిగిపోయింది. ఇంటికి వచ్చేనాటికి చెయ్యి ఉంది గానీ చేతిలో పట్టు లేదు. గ్లాసు పట్టుకుంటే జారిపోయేది. అప్పటికే బాపు కళ్ళకు మసక కమ్మింది. ఇద్దరు వడ్రంగులున్న ఇంట్లో పనిముట్లు గోడకు వేలాడుతూ ఉండిపోయాయి. వదినె చుట్టే బీడీల మీద ఇల్లు గడిచింది. వాళ్ళకు పిల్లలు లేరు.

మా కులంలో ఆడవాళ్ళు పనిముట్లకు పసుపు కుంకుమ పెడతారు, మొక్కుతారు. పట్టుకుని పని చేయరు. ఒకరోజు పొద్దున వదినె బీడీల చాట పక్కన పెట్టి, గోడ మీది రందా తీసుకుని బాపు ముందు కూర్చుంది. నేర్పమని అడిగింది. బాపు రందా చేతిలోకి తీసుకుని దాని అంచు తడిమి చూశాడట. చివరికి, "చెయ్యి ఎవలిదైతేంది బిడ్డా. మూల మూలకు కూడాలె, గంతే" అన్నాడట.

బాపు కళ్ళతో చూడలేడు కాబట్టి బొటనవేలితో చూసేవాడు. ఆమె చిత్రిక పట్టిన ప్రతి ముక్క మీదా వేలు నడిపి, ఎక్కడ ఎత్తుందో, ఎక్కడ పల్లముందో చెప్పేవాడు. నల్లకాలి బల్లను ఆమె పూర్తిగా విప్పేసి, ఒక్కొక్క ముక్కనూ చూసి, తిరిగి బిగించింది. అట్లా ఎన్నిసార్లు చేసిందో లెక్క లేదు. ఆరు నెలలు పీటలు, రొట్టె పీటలు చేసి, బాపు వద్దన్నవన్నీ పొయ్యిలో పెట్టింది. అన్న మాత్రం ఆ వైపు చూసేవాడు కాదు. పొద్దున లేచి బస్టాండ్ దగ్గర చాయ్ హోటల్‌కు పోయి కూర్చునేవాడు, చీకటి పడ్డాకే వచ్చేవాడు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. అప్పుడు నాకు కొత్తగా పెళ్ళయింది. మా అత్తగారిదీ వడ్రంగం ఇల్లే. మగవాడు ఇంట్లో ఉండగా ఆడది వాకిట్లో కూర్చుని రంపంతో కట్టె కోస్తోందనే మాట జక్రాన్‌పల్లి దాకా వచ్చింది. మా మామగారు అన్నం ముందు కూర్చుని రోజూ అదే ఎత్తేవాడు. నేను తట్టుకోలేకపోయాను. ఒక ఆదివారం బస్సెక్కి ఆర్మూర్ వచ్చాను. దారి పొడుగునా ఏం అనాలో అనుకుంటూ వచ్చాను. వదినె వాకిట్లో పొడుగాటి పలక మీద గీత గీసి, రంపం పట్టుకుని ఉంది. కొంగు నడుముకు బిగించి, పెన్సిల్ కొప్పులో గుచ్చుకుంది. నేను నిలబడే అన్నీ అనేశాను. ఇంటి పరువు అన్నాను, నా బతుకు అన్నాను, అన్నను పదిమందిలో చిన్న చేస్తున్నావని కూడా అన్నాను.

ఆమె తల ఎత్తకుండా అంతా విన్నది. విని, "గా కొస జర పట్టుకో పిల్లా, పలక ఊగుతున్నది" అంది.

ఎందుకు పట్టుకున్నానో నాకు ఇప్పటికీ తెలియదు. పట్టుకున్నాను. రంపం నడుస్తున్నంతసేపూ కట్టె వణుకు నా అరచేతుల్లోకి, అక్కడి నుంచి మోచేతుల దాకా వచ్చింది. తూలకుండా కాళ్ళు ఎడంగా పెట్టుకోవాల్సి వచ్చింది. సగంలో ఆమె ఆగి చెమట తుడుచుకుంది, మళ్ళీ కోసింది. ముక్క తెగి కింద పడ్డాక, తెగిన అంచు మీద నా బొటనవేలు పెట్టి చివరి దాకా నడిపించింది. వేలు ఎక్కడా ఆగలేదు.

"మీ అత్తగారింట్ల చెప్పు, గీత తప్పలేదని చెప్పు" అంది.

నేను చెప్పలేదు. సాయంత్రం దాకా ఆమెకు పలకలు పట్టి, చేతులకు పొట్టు అంటించుకుని వెళ్ళి, అత్తగారింట్లో మాత్రం మందలించి వచ్చానని అబద్ధం చెప్పాను. చాలా ఏళ్ళు ఆ అబద్ధం అట్లాగే ఉంచాను. వదినెకు ఆ సంగతి తెలుసు. ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు.

ఆమెకు వచ్చిన మొదటి పెద్ద పని ఆమే వదులుకుంది. పసుపు వ్యాపారి ఒకాయన కూతురి పెళ్ళికి భోజనాల బల్ల చేయించాలని వచ్చాడు. చేసేది ఆడమనిషని తెలిసి వింత చూద్దామని కూడా వచ్చి ఉంటాడు. బల్ల అంచున నెమళ్ళు చెక్కాలన్నాడు, కాళ్ళు సింహం పంజాలుగా ఉండాలన్నాడు. ఇంట్లో ఆ పని అవసరం ఎంతుందో నాకు తెలుసు. వదినె నల్లకాలి బల్ల చూపించి, చేస్తే ఇదే చేస్తానంది. ఆయన చెక్కుడు రాదా అని నవ్వాడు.

"నేర్చుకుంటె వస్తది. కని చెక్కిన కాడల్ల మెతుకులు ఇరుకుతయి. రోజు పుల్ల పెట్టి తీసేది నీ బిడ్డనే" అంది.

ఆయన వెళ్ళిపోయాడు. ఒప్పుకుని ఉండాల్సిందని నేనన్నాను. బాపుకు కూడా అదే అనిపించి ఉంటుంది. ఆ తర్వాత రెండు నెలలు ఎవరూ రాలేదు. ఆమె మళ్ళీ బీడీల చాట ముందు కూర్చుంది. అయినా ప్రతిరోజూ ఒక పూట రందాకే ఇచ్చింది. మధ్యాహ్నం రెండింటి తర్వాత, చుట్టుపక్కల వాళ్ళు నిద్రపోయే వేళ, ఆమె ఉత్త పలకల మీద చిత్రిక పడుతూ ఉండేది.

అప్పుడు డాక్టరమ్మ ఒకామె ఊరికి బదిలీ అయి వచ్చింది. మేడ మీద అద్దె ఇల్లు. మెట్లు ఇరుకు, మధ్యలో మలుపు. ఏ బల్లా పైకి ఎక్కదని విసిగిపోయి, మిల్లులో అడిగితే మా ఇల్లు చూపించారు. ఆమె వచ్చేసరికి నల్లకాలి బల్ల విప్పి ఉంది. పలక గోడకు ఆనించి ఉంది, కాళ్ళు నాలుగూ ఒక సంచిలో ఉన్నాయి. డాక్టరమ్మ ఆ సంచిని చూసి అక్కడికక్కడే ఒప్పుకుంది.

ఆ బల్ల మూడు వారాలు పట్టింది. ఇక పాలిష్ మిగిలింది. వదినె గుడ్డతో పాలిష్ రుద్దుతుండగా, ఆ రోజు వాన పట్టి అన్న తొందరగా ఇంటికి వచ్చాడు. అరుగు మీద నిలబడి కొంచెంసేపు చూశాడు. ఆమె కట్టె గీతలకు అడ్డంగా రుద్దుతోంది. ఒక వడ్రంగి అది చూస్తూ ఊరుకోలేడు. అన్న దిగి వచ్చి ఆమె చేతిలోంచి గుడ్డ తీసుకుని, ఎడమ చేత్తో గీతల వెంబడి రుద్దడం మొదలుపెట్టాడు. ఆమె ఇంకో గుడ్డ ముంచి తీసుకుని అట్లాగే రుద్దింది. మర్నాడు అన్న చాయ్ హోటల్‌కు పోలేదు. ఆ తర్వాత కూడా పోలేదు. పాలిష్, కొలతలు, కట్టె ఎంచడం ఆయన పని అయింది. కోత, చిత్రిక, బిగింపు ఆమెవి.

బల్ల పంపే ముందు రోజు వదినె కొత్త పద్ధతి ఒకటి పెట్టింది. దాని మీద మనం తిని చూడకుండా ఇవ్వనంది. ఆరుగురు కూర్చునే బల్ల కాబట్టి ఆరుగురు కావాలంది. బాపు, అన్న, తను, ఆ రోజు అక్కడే ఉన్న నేను, మిల్లు యజమాని, ఆయన భార్య. కుర్చీలు వాడలో అడిగి తెచ్చాం. బాపు మాత్రం గోడ పక్కనే నిలబడిపోయాడు. మామ, కోడలు ఒక బల్ల దగ్గర కూర్చుని తినడం మా ఇళ్ళలో లేదు.

"మామా, అన్ని దిక్కుల బరువు పడాలె. నువ్వు కూసోకుంటె బల్ల ఊగేది ఎట్ల తెలుస్తది?" అంది వదినె.

పని కోసం అంటే బాపు కాదనలేడు. వచ్చి కూర్చున్నాడు. ఆరుగురం మోచేతులు ఆనించి జొన్న రొట్టె, పప్పు తిన్నాం. బల్ల ఊగలేదు. పొడుగు వైపు మధ్యలో ఉబ్బి ఉండటం వల్ల ఆ కొసన కూర్చున్న బాపు అడ్డం లేకుండా నాకు కనిపించాడు. మా బాపు అన్నం తినేటప్పుడు ఎదురుగా కూర్చుని ఆయన ముఖం చూడటం నాకు ఇరవై ఏళ్ళు వచ్చాక అదే మొదటిసారి. ఆయన మెల్లగా తింటున్నాడు. ప్రతి ముద్దకూ కళ్ళు మూసుకుంటున్నాడు.

అప్పటి నుంచి మా పుట్టింట్లో అందరూ కలిసి తినేది మర్నాడు వేరేవాళ్ళ ఇంటికి పోయే బల్లల మీదే. కొన్నాళ్ళకు బాపే అడగడం మొదలుపెట్టాడు, ఇంకో బల్ల ఎప్పుడు అవుతుందని. రెండేళ్ళు గడిచాక ఒక సాయంత్రం ఆయనే ముందర గదిలోకి వెళ్ళి, తడుముకుంటూ నల్లకాలి బల్ల మీది బస్తాలను ఒక్కొక్కటే కిందికి దించుతుంటే అన్న పరుగెత్తుకుంటూ వెళ్ళి పట్టుకున్నాడు. ఆ రాత్రి నుంచి ఆయన పోయేదాకా ఆ ఇంట్లో అందరూ ఆ బల్ల మీదే, ఒకేసారి తిన్నారు.

బాపు కొలతను ఆమె ఒక్కచోట మార్చింది. మనవాళ్ళు కుర్చీలో కూర్చున్నా ఒక కాలు ముడిచి పైన పెట్టుకుంటారని గమనించి, కుర్చీలు వెడల్పు చేసింది, బల్ల ఎత్తు రెండు వేళ్ళు తగ్గించింది. అంచును కింది వైపుకు గుండ్రంగా తీసేది. గాజుల చేతులు ఆనించినా కోసుకోకూడదంది. ఎవరూ చూడని అడుగు భాగానికీ పాలిష్ పట్టేది. అది ఎవరికోసమని డాక్టరమ్మ ఒకసారి అడిగితే, "పిల్లలు బల్ల కింద ఆడుకుంటరు కదమ్మా. వాళ్ళకు కనవడేది గదే" అందట.

పని చేస్తున్నప్పుడు చాయ్ చల్లారిపోయేది. చల్లారిన చాయ్‌నే తాగేది, మళ్ళీ వేడి చేయనిచ్చేది కాదు. కొత్త కట్టె తెస్తే మొదట వాసన చూసేది. ఎవరైనా తొందరపెడితే తిరిగి చెప్పే మాట ఒక్కటే, "కట్టె ఎండినప్పుడె ఎండుతది."

తర్వాత హైవే వెంబడి రెడీమేడ్ ఫర్నిచర్ షాపులు వచ్చాయి. అద్దం పలకల బల్లలు, రంపపు పొట్టు అదిమి చేసిన అట్టల మీద కట్టె రంగు కాగితం అంటించిన బల్లలు. పొద్దున కొంటే మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటాయి. మా ఇంటికి వచ్చేవాళ్ళు తగ్గారు. ఒక షాపతను వచ్చి, ఇదే బల్లను ఆ అట్టలతో చేసిస్తే ఎన్నయినా తీసుకుంటానన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. మళ్ళీ దర్వాజలు చేసింది, కిటికీలు చేసింది, పసుపు ఉడకబెట్టే చోట కడాయి మూతలకు పిడులు కూడా చేసింది. ఏడాది పాటు ఒక్క బల్ల కూడా చేయలేదు. అయినా టేకు పలకలు కొని అటక మీద ఎండబెడుతూనే ఉంది.

తర్వాత ఆ అట్టల బల్లలు తడి తగిలి ఉబ్బి, ఒక్కొక్కటే బాగుచేయించడానికి ఆమె దగ్గరికే వచ్చాయి. నేను ముందే చెప్పానని ఒక్కరితోనూ అనలేదు. బాగైనంత బాగుచేసి పంపింది. అట్లా వచ్చినవాళ్ళలో కొందరు ఇంట్లో ఉన్న బల్లను చూసి వెళ్ళి, మళ్ళీ వచ్చారు.

మూడేళ్ళ కింద నిజామాబాద్ నుంచి కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి వచ్చింది. ఫోన్‌లో ఒక ఫోటో చూపించి, ఇట్లాంటిది చేస్తారా అని అడిగారు. అచ్చం మా బాపు బల్లే. నల్లకాలు ఒక్కటే లేదు. దీన్ని మిడ్ సెంచరీ మోడర్న్ అంటారని ఆ అమ్మాయి చెప్పింది. అంటే ఏందని వదినె అడిగింది. అరవై డెబ్బై ఏళ్ళ కింద వచ్చిన పద్ధతి, కానీ ఇప్పటికీ కొత్తగానే ఉంటుంది, అందుకే అందరూ మళ్ళీ అదే అడుగుతున్నారని ఆ అమ్మాయి వివరంగా చెప్పింది. వదినె శ్రద్ధగా విన్నది. వాళ్ళు పోయాక గోడ మీది బాపు ఫోటో వైపు చూసి, "మా మామ గిప్పటికి కొత్తోడే అట" అని కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది.

ఆ బల్ల ఎందుకు పాతబడదో నేను చాలాసార్లు ఆలోచించాను. దాని మీద తీసేయడానికి ఏమీ లేదు. అవసరం లేనిదాన్ని బాపు పెట్టలేదు, వదినె పెట్టనివ్వలేదు. ఆ ఇంటికి ఎంతమంది ఏమేం కావాలని వచ్చినా ఆమె నిలబడ్డది అక్కడే.

నిరుడు వానాకాలంలో దగ్గు పట్టుకుంది. చిన్ననాటి నుంచీ పొగాకు దుమ్ము, తర్వాత కట్టె దుమ్ము. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయని, ఇక పొట్టు రేగే చోట ఉండకూడదని దవాఖానలో చెప్పారు. అప్పటికి ఒక బల్ల ఒప్పుకుని ఉంది. దొంకేశ్వర్‌లో ఒకామె, భర్త గల్ఫ్‌లో ఉంటాడు, ఇంట్లో అత్త, ఇద్దరు ఆడపిల్లలు. ఇల్లు కట్టుకుంటూ ఆరుగురి బల్ల కావాలంది. నేను ఫోన్ చేసి కుదరదని చెబుతానన్నాను.

"మాట ఇచ్చింది నువ్వు కాదు, నేను" అంది వదినె. కొంచెం ఊపిరి తీసుకుని, "రందా పట్టు. నేను చెప్త" అంది.

అరవై ఏళ్ళు దాటాక నేను మొదటిసారి రందా పట్టాను. ఆమె వాకిట్లో కాక ఇంటి లోపల, కిటికీ పక్కన మంచం మీద ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని కూర్చునేది. అన్న ఎడమ చేత్తో గీతలు గీసేవాడు. నేను కోసేదాన్ని. ఏ ముక్క అయినా పూర్తి కాగానే కిటికీలోంచి ఆమె చేతికి ఇవ్వాలి. కళ్ళు బాగానే ఉన్నా, ఆమె దాన్ని చూడకుండా బొటనవేలితోనే పరీక్షించేది. మూడు కాళ్ళు ఒప్పుకుంది. నాలుగోది రెండుసార్లు వెనక్కి ఇచ్చింది. మూడోసారి కూడా తల అడ్డంగా ఊపితే నాకు కోపం వచ్చింది. కింద సన్నగా ఉండే కాలు, ఒక వెంట్రుకంత తేడాను ఎవరు చూస్తారన్నాను.

"నేను సూస్త" అంది. "నేను పోయినంక నువ్వు సూస్తవు."

నాలుగోసారి ఇచ్చాను. చాలాసేపు వేలు నడిపి, కాలును పక్కన మంచం మీద పడుకోబెట్టింది. బాగుందని అనలేదు. ఇంకొకటి చేయమని కూడా అనలేదు.

బల్లను ఆమె మంచం పక్కనే బిగించాం. ఆమెను ఇద్దరం పట్టుకుని కుర్చీలోకి దించాం. ఆరుగురం కాలేదు. అన్న, నేను, ఆమె, మిల్లు యజమాని భార్య, నలుగురమే. ఆమె రెండు ముద్దలు తినగలిగింది. మోచేయి ఆనించి, బరువంతా దాని మీద వేసి ఒకసారి నెట్టి చూసింది. నేను అప్పుడు చెప్పాను. జక్రాన్‌పల్లిలో ఆ రోజు ఏం చెప్పానో, చెప్పాల్సింది ఏం చెప్పలేదో చెప్పాను. ఆమె నా చెయ్యి పట్టుకుని నా బొటనవేలి మీద కొత్తగా లేచిన కాయను తడిమింది.

"ఇప్పుడు చెప్తున్నవు గద" అంది.

బల్ల దొంకేశ్వర్ చేరిన పన్నెండు రోజులకు ఆమె పోయింది.

పెద్దకర్మ అయిన మర్నాడు జక్రాన్‌పల్లికి బయలుదేరడానికి సంచి సర్దుకుంటుంటే, ఒక ముసలాయన భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. బల్ల చేసే అమ్మ ఇల్లు ఇదేనా అని అడిగాడు. అన్న జరిగిన సంగతి చెప్పాడు. వాళ్ళిద్దరూ నొచ్చుకుని, కాసేపు నిలబడి, వెనక్కి తిరిగారు. వాళ్ళు గేటు దాకా పోయాక నేను పిలిచాను. ఎంతమంది కూర్చుంటారని అడిగాను. అన్న నా వైపు చూశాడు, తర్వాత లోపలికి వెళ్ళి టేపు తెచ్చాడు.

అటక మీద మిగిలిన రెండు పలకలు చాలలేదు. ఆ వారమే ఇద్దరం నిజామాబాద్ రోడ్డులోని కట్టెల డిపోకు వెళ్ళాం. అన్న ముక్కు ఎగబీల్చి వాసన చూసి మూడు పలకలు ఎంచాడు. ట్రాలీ ఆటోలో వేస్తే అవి వెనక్కి బారెడు పొడుగు బయటికి వచ్చాయి. వాటి కొసకు డ్రైవర్ ఎర్ర గుడ్డ కట్టాడు. పసుపు సీజన్ కాబట్టి దారి పొడుగునా రోడ్డు పక్కన కొమ్ములు ఎండబోసి ఉన్నాయి. నేను పలకల మీదే, చేతులు చాచి పట్టుకుని కూర్చున్నాను. గుంతల్లో ఆటో ఎగిరినప్పుడల్లా పలకల కొసలు పైకీ కిందికీ ఊగుతున్నాయి. వెనక వచ్చే లారీలు హారన్ కొట్టకుండా దూరంగానే నెమ్మదిగా వస్తున్నాయి. పచ్చటి దుమ్ములో ఆ ఎర్ర గుడ్డ రెపరెపలాడుతూనే ఉంది.